తీగ కొసన పనితనం

వరంగల్లుకు నూలుతో గల అనుబంధం తరతరాలది. నగరంలోని కొత్తవాడ నేతకారులు నేసిన జంపఖానాలు దేశవిదేశాలలో పేరు పొందాయి. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిజాం పాలనాకాలంలో, 1934లో, ఇదే నగరంలో నెలకొన్న ఆజంజాహి మిల్లు ఎన్నో కుటుంబాలకు జీవనాధారమై, కాలక్రమంలో మూతపడింది. నూలు ఎరిగిన ఊరికి పురి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పురి లేని దూది లాగితే తెగిపోతుంది. పురి పడిన పోగు బరువును మోస్తుంది.

నేతపనిలో అచ్చు అతకడం అనే ప్రక్రియ ఒకటి ఉంది. మగ్గం మీది పాత పడుగు ముగియవచ్చినప్పుడు, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పోగు కొసకు చేర్చి, వేళ్ళతో పురిపెట్టి కలుపుతారు. నేసిన బట్టలో ఈ పని ఎవరి కంటికీ కనబడదు. కాని ఒక పోగు తన స్థానం తప్పి మరొక పోగుతో కలిస్తే, ఆ తప్పు బట్ట పొడుగునా సాగుతుంది. అందుచేత అతికేవారికి చేతివేగం కంటె చూపు నిలకడ ముఖ్యం.

ఇటువంటి పనే ఈనాడు మరొక రంగంలో సాగుతున్నది. అక్కడ నూలుపోగుకు బదులు రాగి తీగ ఉంటుంది. అచ్చుకు బదులు ఎనిమిది గాళ్ళు గల చిన్న ప్లాస్టిక్ దిమ్మె ఉంటుంది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ కేబుల్ కొసన కనెక్టర్‌ను బిగించడమే ఆ పని. చూడడానికి ఇది రెండు నిమిషాల పని. దీని మంచిచెడ్డలు మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తాయి.

కనబడని ఆధారం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరి విద్యకు నిలయం. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2020 జనవరిలో మడికొండలో సాఫ్ట్‌వేర్ సంస్థల కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. ఇటువంటి విద్యాలయాలలో, కార్యాలయాలలో గోడల వెంట, పైకప్పుల మీదుగా, బల్లల కింద నెట్‌వర్క్ కేబుళ్ళు పరచుకొని ఉంటాయి.

తెలంగాణలో ఎంసెట్ పరీక్ష 2018లో కాగితం నుంచి కంప్యూటర్ తెరకు మారింది. 2024 నుంచి ఎప్‌సెట్ అనే పేరుతో జరుగుతున్నది. ఏడాది పొడుగునా చదివిన విద్యార్థి వరంగల్‌లోని పరీక్షాకేంద్రంలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అతని కంప్యూటరును కేంద్రంలోని ప్రధాన యంత్రంతో కలిపేది ఒక కేబుల్. దాని కొసలోని కనెక్టర్ వదులైతే సంబంధం తెగుతూ, కలుస్తూ ఉంటుంది. దానిని సరిచేసేంత వరకు ఆ విద్యార్థి మనసు ప్రశ్నల మీద నిలువదు. ఎవరో ఎప్పుడో తొందరపడి చేసిన పనికి మూల్యం చెల్లించేది అతడే.

పల్లెల విషయమూ ఇటువంటిదే. గ్రామ పంచాయతీలకు వేగవంతమైన సమాచార సంబంధం కల్పించడానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకం తరువాత భారత్‌నెట్ అనే పేరు పొందింది. గాజుతంతువు వెలుగు రూపంలో సమాచారాన్ని ఎన్నో కిలోమీటర్లు మోసుకొని ఊరి దాకా వస్తుంది. అక్కడి నుంచి బల్ల మీది కంప్యూటరును చేర్చేది తరచుగా కొన్ని మీటర్ల రాగి కేబులే. ఆ కొద్దిపాటి దూరంలో లోపం ఉంటే, అంత దూరం చేసిన ప్రయాణం వాకిట ఆగిపోయినట్లే అవుతుంది.

పురి వెనుక శాస్త్రం

రెండు తీగలను పురిపెట్టి వాడవచ్చునన్న ఆలోచన కంప్యూటర్ల కంటె ఎంతో పాతది. టెలిఫోన్ ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంట్ పొందాడు. కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ పద్ధతిని రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో ప్రతిపాదించాడు. తొలిరోజులలో దానికి టెలివిజన్ కేబుల్ వంటి గుండ్రని మందపు కేబుల్ వాడేవారు. ఒకే కేబుల్ మీద అన్ని కంప్యూటర్లూ ఆధారపడేవి. ఎక్కడో ఒక చోట అది తెగితే అన్నిటికీ సంబంధం పోయేది. 1990లో పురి తీగల మీద నడిచే ఈథర్‌నెట్‌కు ప్రమాణం ఏర్పడింది. నాటినుంచి ప్రతి కంప్యూటరుకు విడిగా ఒక కేబుల్ వచ్చి, అన్నీ స్విచ్ వంటి ఒక కేంద్రంలో కలిసే ఏర్పాటు స్థిరపడింది. ఒక కేబుల్ చెడితే ఆ ఒక్క కంప్యూటరే ఆగుతుంది. అయితే కొసల సంఖ్య పెరిగింది. కొసలను బిగించే చేతుల అవసరమూ పెరిగింది.

నేడు వాడుకలో ఉన్న కేబుల్ పైతొడుగు లోపల ఎనిమిది రాగి తీగలు ఉంటాయి. అవి నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అనే నాలుగు రంగులలో ఒక్కొక్క రంగుకు ఒక నిండు రంగు తీగ, దాని తోడుగా అదే రంగు చార గల తెల్ల తీగ ఉంటాయి. ప్రతి జతా తనలో తాను మెలివేసుకొని ఉంటుంది.

ఈ మెలిక అందానికి పెట్టింది కాదు. ఒక జతలోని రెండు తీగలలో విద్యుత్ సంకేతాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ప్రయాణిస్తాయి. అవతలి కొసన ఉన్న యంత్రం ఆ రెండింటి తేడాను మాత్రమే గ్రహిస్తుంది. సమీపంలోని మోటారు నుంచో, విద్యుత్ తీగ నుంచో వచ్చే అలజడి పురిపడిన రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. రెండింటా సమానంగా చేరినది తేడాలో కనబడదు. కనుక అలజడి అణగిపోయి అసలు సంకేతం మిగులుతుంది. నాలుగు జతలకు నాలుగు విధాల పురి ఉండడం మరొక విశేషం. ఒక జత సంకేతం పక్క జతలోకి చొరబడకుండా ఉండడానికే ఈ భేదం. కేబుల్‌ను విప్పి చూస్తే ఒక జత మెలికలు దగ్గరగా, మరొక జత మెలికలు దూరంగా కనబడతాయి.

ఈ సూత్రం తెలిసినవారికి కనెక్టర్ బిగించే పనిలోని నియమాలన్నీ వాటంతటవే బోధపడతాయి. జత విడిపోకూడదు, పురి అవసరానికి మించి విప్పకూడదు. మిగిలిన నియమాలలో అనేకం ఈ రెండింటి నుంచి పుట్టినవే.

వరుసక్రమం

సామాన్యంగా ఆర్‌జె 45 అని పిలిచే కనెక్టర్‌లో ఎనిమిది స్థానాలు ఉంటాయి. కొక్కెం అడుగుకు, తీగలు దూర్చే రంధ్రం తన వైపుకు ఉండేటట్లు పట్టుకొంటే, ఎడమ నుంచి మొదటి స్థానం లెక్కకు వస్తుంది. తీగల అమరికకు టి568ఎ, టి568బి అనే రెండు ప్రమాణ క్రమాలు ఉన్నాయి. రెండవ దానిలో వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మొదటి దానిలో నారింజ జత స్థానంలోకి ఆకుపచ్చ జత, ఆకుపచ్చ జత స్థానంలోకి నారింజ జత వస్తాయి. మిగిలినవి మారవు.

రెండింటిలో ఏది వాడినా పని జరుగుతుంది. కాని కేబుల్ రెండు కొసలా ఒకే క్రమం ఉండాలి. ఒక భవనంలో మొదట ఏ క్రమం అనుసరించారో చివర వరకు దానినే అనుసరించడం మంచిది. ఒక కొసన ఒక క్రమం, మరొక కొసన ఇంకొక క్రమం పెట్టిన కేబుల్‌ను క్రాసోవర్ కేబుల్ అంటారు. రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి పూర్వం దీనిని వాడేవారు. ఇటీవలి యంత్రాలు ఈ భేదాన్ని తామే గుర్తించి సర్దుకొంటాయి.

ఈ వరుసలో ఒక వింత కనబడుతుంది. నారింజ జత ఒకటి, రెండు స్థానాలలోనూ, గోధుమ జత ఏడు, ఎనిమిది స్థానాలలోనూ పక్కపక్కనే ఉంటాయి. నీలం జత నాలుగు, అయిదు స్థానాలలో నడుమ ఉంటుంది. ఆకుపచ్చ జత మాత్రం మూడు, ఆరు స్థానాలలో నీలానికి అటొకటి, ఇటొకటిగా నిలుస్తుంది. దీనికి కారణం టెలిఫోన్. టెలిఫోన్ ప్లగ్గులో మొదటి లైను నట్టనడిమి రెండు స్థానాలలోనూ, రెండవ లైను దానికి ఇరువైపులా ఉండేవి. ఆ అమరికతో పొత్తు చెడకుండా ఉండడానికి కంప్యూటర్ కేబుల్‌లోనూ అదే పద్ధతి పాటించారు. పాత వాడుక కొత్త పరికరంలో ఇలా మిగిలిపోయింది.

పనిముట్లు

ఈ పనికి కావలసిన పనిముట్లు కొద్దివే. పైతొడుగును ఒలవడానికి స్ట్రిప్పర్, తీగలను సమానంగా కత్తిరించడానికి పదునైన కట్టర్, కనెక్టర్‌ను నొక్కి బిగించడానికి క్రింపింగ్ టూల్, పనిని పరీక్షించడానికి కేబుల్ టెస్టర్ ఉంటే చాలు. మొదటి మూడూ కలిసి ఉన్న పనిముట్టు కూడ దొరుకుతుంది. క్రింపింగ్ టూల్‌లో పూర్తిగా నొక్కేంత వరకు పిడి తెరుచుకోని ఏర్పాటు ఉన్నది ఉత్తమం. అరకొరగా నొక్కి వదిలే పొరపాటును అది అడ్డుకొంటుంది. గోడలోని జాక్‌లలో తీగలను దించడానికి పంచ్‌డౌన్ టూల్ అనే వేరొక పనిముట్టు వాడతారు.

కనెక్టర్‌ను ఎంచుకోవడంలోనూ వివేకం అవసరం. కొన్ని కేబుళ్ళలో ప్రతి తీగా ఒకే గట్టి కడ్డీలా ఉంటుంది. గోడలలో స్థిరంగా పరిచేవి ఇవి. మరికొన్నింటిలో ప్రతి తీగా సన్నని పోగుల కలయికగా ఉండి మెత్తగా వంగుతుంది. కంప్యూటరుకు, గోడకు నడుమ వాడే పొట్టి కేబుళ్ళు ఇటువంటివి. మెత్తని తీగ కోసం చేసిన కనెక్టర్ పళ్ళు పోగుల నడుమకు దిగుతాయి. గట్టి తీగ కోసం చేసినవి తీగను ఇరువైపులా పట్టుకొంటాయి. ఒకదానికి మరొకటి వాడితే తొలిరోజున పని చేసినట్లే ఉండి, కొన్నాళ్ళకు పట్టు సడలుతుంది. కేబుల్ శ్రేణికీ, తీగ మందానికీ తగిన కనెక్టర్‌నే తీసుకోవాలి.

బిగించే విధానం

కనెక్టర్ వెనుక రక్షణగా ఉండే రబ్బరు తొడుగు వాడదలిస్తే, దానిని మొదటనే కేబుల్‌కు ఎక్కించాలి. కొస బిగించిన తరువాత గుర్తుకు వస్తే దానిని కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా చేసే పొరపాటు ఇదే.

తరువాత పైతొడుగును సుమారు మూడు సెంటీమీటర్ల మేర ఒలవాలి. స్ట్రిప్పర్ బ్లేడు లోపలి తీగలను తాకకూడదు. ఒలిచిన చోట తీగలను కొద్దిగా వంచి చూస్తే గాటు పడినదీ లేనిదీ తెలుస్తుంది. రాగి మెరుపు కనబడితే ఆ ముక్కను తీసివేసి మళ్ళీ ఒలవాలి. గాటు పడిన తీగ ఈనాడు తెగకపోవచ్చు; కేబుల్ నాలుగుసార్లు కదిలిన తరువాత తెగుతుంది.

పిమ్మట జతలను విడదీసి, పురి విప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అటూ ఇటూ సాగదీస్తే తీగలు నిటారుగా అవుతాయి. వాటిని వరుసక్రమంలో పేర్చి గట్టిగా పట్టుకొని, పైతొడుగు అంచు నుంచి సుమారు 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం, మిగిలేటట్లు ఒకే కోతతో అడ్డంగా కత్తిరించాలి. పురి విప్పిన భాగం ఈ కొలతను మించరాదు. కోత ఏటవాలుగా ఉంటే కొన్ని తీగలు కనెక్టర్ చివరను తాకవు.

పట్టు వదలకుండా తీగలను కనెక్టర్‌లోకి నెట్టాలి. ఎదుటి వైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు వరుసగా కనబడాలి. పైతొడుగు కూడ కనెక్టర్ లోపలికి చేరి, అక్కడి ప్లాస్టిక్ నొక్కు కిందకు రావాలి. లాగుడు బరువును మోయవలసింది పైతొడుగే. తొడుగు బయటనే ఆగిపోతే ఆ బరువంతా అర మిల్లీమీటరు మందం గల సున్నిత తీగల మీద పడుతుంది. ఆపుడు ఒకసారి వరుసను తిరిగి సరిచూసుకొని, క్రింపింగ్ టూల్‌లో ఉంచి పూర్తిగా నొక్కాలి. బంగారుపూత గల ఎనిమిది లోహపు పళ్ళు తీగల తొడుగులను చీల్చుకొని రాగిని పట్టుకొంటాయి. ఒకసారి నొక్కిన కనెక్టర్‌ను మళ్ళీ విప్పి వాడడం కుదరదు. తప్పు జరిగితే కత్తిరించి కొత్తది వేయవలసిందే. తీగలు ఎదుటి రంధ్రాల గుండా బయటకు వచ్చే కనెక్టర్లు కూడ ఉన్నాయి. నొక్కడానికి ముందే వరుస స్పష్టంగా కనబడుతుంది కనుక నేర్చుకొనేవారికి అవి అనుకూలం. వాటికి తగిన ప్రత్యేక క్రింపింగ్ టూల్ కావాలి.

దీపం చెప్పని తప్పు

పని ముగిసిన తరువాత కేబుల్ టెస్టర్‌తో పరీక్షిస్తారు. దాని రెండు భాగాలను రెండు కొసలకు తగిలిస్తే, ఒకటి నుంచి ఎనిమిది వరకు దీపాలు క్రమంగా వెలుగుతాయి. ఒక దీపం వెలగకపోతే తీగ అందలేదని, క్రమం తారుమారైతే వరుస తప్పిందని అర్థం. అన్నీ వరుసగా వెలిగితే పని సరిగా ఉన్నదని అందరూ సంతోషిస్తారు. కాని ఈ సంతోషం ఎల్లప్పుడూ నిజం కాదు.

ప్రమాణ క్రమం తెలియని వ్యక్తి ఒకడు తన బుద్ధికి తోచినట్లు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని వరుసగా పక్కపక్కన పేర్చాడనుకొందాం. రెండు కొసలా అదే విధంగా బిగించాడు. ఇటు ఒకటవ తీగ అటు ఒకటికి, ఇటు ఎనిమిదవది అటు ఎనిమిదికి చేరుతుంది. టెస్టర్ మీద ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. చూడడానికి ఈ వరుసే ఎంతో క్రమబద్ధంగా కూడ ఉంటుంది.

యంత్రం మాత్రం మూడు, ఆరు స్థానాలను ఒక జతగా భావిస్తుంది. ఈ కేబుల్‌లో మూడవ స్థానంలో ఉన్నది ఆకుపచ్చ జతలోని తీగ. ఆరవ స్థానంలో ఉన్నది నీలం జతలోని తీగ. కేబుల్ పొడుగునా ఆ రెండూ వేర్వేరు తోడులతో మెలివేసుకొని ఉన్నాయి. నాలుగు, అయిదు స్థానాల గతీ ఇంతే. జత జతగా పని చేయవలసిన చోట జత విడిపోయింది. అలజడిని అణచే శక్తి నశించింది. ఒక సంకేతం మరొక దానిలోకి చొరబడుతుంది. రెండు మూడు మీటర్ల కేబుల్‌లో ఈ దోషం బయటపడకపోవచ్చు. పొడుగు పెరిగినప్పుడు, వేగం పెరిగినప్పుడు సంబంధం నిలువదు. యంత్రాన్ని మార్చి, సాఫ్ట్‌వేర్‌ను మార్చి విసిగిపోయినవారికి గోడలోని కొస మీద అనుమానం కలుగదు, ఎందుకంటే దీపాలన్నీ వెలిగాయి.

సాధారణ టెస్టర్ తీగ ఈ చివర నుంచి ఆ చివరకు కలిసి ఉన్నదా అని మాత్రమే చూస్తుంది. ఏ తీగకు ఏది తోడు అని అది అడగదు. జతల నడుమ సంకేతం ఎంత చొరబడుతున్నదో కొలిచే ఖరీదైన పరికరాలు ఉన్నాయి గాని అవి అందరికీ అందుబాటులో ఉండవు. అందుచేత ఈ తప్పును పట్టుకొనే మొదటి పరికరం పనివాని కన్నే. నొక్కడానికి ముందు రంగుల వరుసను ఒకసారి చదువుకోవడానికి పట్టే అయిదు క్షణాలు, తరువాతి అయిదు రోజుల వెదుకులాటను తప్పిస్తాయి.

మరికొన్ని జాగ్రత్తలు

స్విచ్ నుంచి కంప్యూటర్ వరకు రాగి కేబుల్ మొత్తం పొడవు 100 మీటర్లు దాటరాదు. ఇందులో గోడలలో స్థిరంగా ఉండే భాగానికి 90 మీటర్లు, రెండు చివరల వాడే పొట్టి కేబుళ్ళకు 10 మీటర్లు లెక్క. కేబుల్‌ను దాని మందానికి నాలుగు రెట్ల కంటె చిన్న వంపుగా మడవకూడదు. కట్టే పట్టీలను బిగించి కట్టితే లోపలి పురి నలిగిపోతుంది. విద్యుత్ తీగలున్న గొట్టంలోనే నెట్‌వర్క్ కేబుల్‌ను దూర్చకూడదు. దీనివల్ల అలజడితో పాటు ప్రాణాపాయమూ ఉంది.

అంగడిలో తక్కువ ధరకు లభించే కొన్ని కేబుళ్ళలో తీగ పైకి రాగిలా కనబడినా లోపల అల్యూమినియం ఉంటుంది. తీగను బ్లేడుతో గీకితే తెల్లని మెరుపు బయటపడుతుంది. రాగి వాహకతతో పోలిస్తే అల్యూమినియం వాహకత సుమారు 60 శాతమే. ఇటువంటి తీగ వంచితే త్వరగా విరుగుతుంది. నేడు నిఘా కెమెరాల వంటి పరికరాలకు విద్యుత్తును కూడ ఇదే కేబుల్ గుండా పంపుతున్నారు కనుక, నాసిరకం తీగ వేడెక్కే ప్రమాదం ఉంది.

వేసవిలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంటిలోపలి వాడుకకు చేసిన కేబుల్‌ను మేడ మీద ఎండలో వదిలితే దాని తొడుగు పెళుసెక్కి పగులుతుంది. వాన నీరు లోపలికి చేరుతుంది. బయటి వాడుకకు ప్రత్యేకమైన తొడుగు గల కేబుల్ ఎంచుకోవాలి. రెండు భవనాలను కలపవలసినప్పుడు పిడుగుల భయం లేని గాజుతంతువే శ్రేయస్కరం. ప్రతి కేబుల్ రెండు కొసలా ఒకే సంఖ్యను రాసి అంటించడం చిన్న పనే. ఏళ్ళు గడిచాక తెలియని మరొక పనివాడు వచ్చినప్పుడు, ఆ చిన్న కాగితమే అతనికి దారి చూపుతుంది.

పనిలో గౌరవం

కేబుల్ బిగించే పనిని చిన్నపనిగా భావించేవారు ఉన్నారు. చదువుకు, చేతిపనికి నడుమ గోడ కట్టుకొన్న సమాజంలో ఇది సహజం. కాని పైన చెప్పిన అర అంగుళంలో భౌతికశాస్త్రం ఉంది, చరిత్ర ఉంది, కొలత ఉంది. బెల్ పురిపెట్టిన ఆలోచన, టెలిఫోన్ మిగిల్చిన వరుస, తేడాను మాత్రమే చదివే యంత్రపు తెలివి అన్నీ ఆ కొసన కలుస్తాయి. వాటిని ఎరిగి బిగించినవాని పనికీ, ఎరుగక బిగించినవాని పనికీ పైకి తేడా కనబడదు. కాలం గడిచిన కొద్దీ అది బయటపడుతుంది.

అచ్చు అతికిన చేతి పేరు జంపఖానా మీద ఉండదు. నేత చెడకపోవడమే ఆ చేతికి గుర్తు. గోడ వెనుక కేబుల్‌కు కూడ అంతే. పరీక్షాకేంద్రంలో విద్యార్థి తన తెర మీద తప్ప మరి దేనిమీదా దృష్టి పెట్టవలసిన అవసరం రానినాడు, ఎక్కడో ఒక పనివాడు ఎనిమిది రంగులను సరిగా చదివి నొక్కాడని అర్థం.